అడవి చిరుపుట్టగొడుగు: గుర్తించు విధము, గృహస్థులకు జాగ్రత్తలు

ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నేల బాగుగా నానిన తరువాత మన తూర్పు కనుమల అడవులలో ఒక చిత్రము జరుగును. నిన్నటి సాయంత్రము వట్టి నేలగా ఉన్న చోట, మరునాటి ఉదయమునకు బియ్యము చల్లినట్లు వందల కొలది తెల్లని చిన్న గొడుగులు నిలిచి ఉండును. ఒక్కొక్కటి బొటనవ్రేలి గోరంత. ఇంతకంటె రుచియైన కూర లేదని మన్యములో పెరిగినవారు చెప్పుదురు. ఆ మాటలో అబద్ధము లేదు.

అయితే ఇప్పుడు పట్టణములలోని గృహస్థులు కూడ సెలవు దినములలో అడవులకు, జలపాతములకు విహారము వెళ్ళి, ఎవరో చెప్పిన ఒకటి రెండు గుర్తులను నమ్మి, తామే వీటిని ఏరి తెచ్చుకొనుచున్నారు. "ఇవి మంచివేనా? వీటి విషము విరుగుటకు వంటలో ఏమి వేయవలెను?" అని నన్ను అడుగువారు ప్రతి వర్షాకాలములోను ఉన్నారు. ఈ రెండవ ప్రశ్నలోనే ప్రమాదమున్నది. ప్రాణాంతకమైన పుట్టగొడుగు విషమును విరుచు ద్రవ్యము ఏ వంటింటిలోను లేదు. విషము లేనిదానిని ముందుగా గుర్తించుట ఒక్కటే మార్గము. ఆ గుర్తింపు ఎట్లు చేయవలెను, ఇంటివారు అందులో ఎంతదూరము పోవచ్చును, ఎక్కడ ఆగవలెను అను విషయములను ఈ వ్యాసములో వివరించెదను.

శాస్త్రములో పుట్టగొడుగు

మన ఆయుర్వేద గ్రంథములు పుట్టగొడుగులను విడిచిపెట్టలేదు. సుశ్రుతాచార్యులు వీటిని ఉద్భిదములను పేరుతో శాకవర్గములో చేర్చి, గడ్డి మీద పుట్టునవి, చెరకు మీద పుట్టునవి, పేడ మీద పుట్టునవి, వెదురు మీద పుట్టునవి, నేలలో పుట్టునవి అని ఐదు విధములుగా విభజించి, ఒక్కొక్కదానికి వేరు వేరు గుణములు చెప్పిరి. నేలలో పుట్టిన వాటి రుచి ఆ నేలను బట్టి ఉండునని వారి అభిప్రాయము. చరకాచార్యులు గొడుగు జాతులన్నియు శీతలములు, గురువులు, మధురములు, పీనసమును కలిగించునవి అని చెప్పుచు, సర్పచ్ఛత్రకమను దానిని మాత్రము ఈ లెక్క నుండి తొలగించిరి. 16వ శతాబ్దమునాటి భావమిశ్రుడు తన భావప్రకాశములో వీటిని సంస్వేదజములని పిలిచి, వాంతి, అతిసారము, జ్వరము, కఫరోగములు కలిగించు స్వభావము వీటికి కలదని హెచ్చరించెను. శుభ్రమైన చోట, కట్టె మీద, వెదురు మీద, పశువులశాలలో పుట్టిన తెల్లనివి అంతగా దోషకరములు కావని కూడ ఆయన వ్రాసెను.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. ఈ శ్లోకములలో గుణములు ఉన్నవి గాని ఆనవాళ్ళు లేవు. సర్పచ్ఛత్రకమను పేరు ఉన్నది. దాని కాడ ఎట్లుండును, అడుగు ఎట్లుండును అను వర్ణన ఆ శ్లోకములో లేదు. కారణము స్పష్టమే. రూపమును నేర్పునది గ్రంథము కాదు, అడవి. ఓషధుల పేర్లు, రూపములు మేకల కాపరులకు, గోపాలకులకు, వనవాసులకు తెలియునని చరకాచార్యులే చెప్పియున్నారు. నేను గురుకులములో చదివిన కాలమున మా గురువుగారు ప్రతి వర్షర్తువునందు మమ్ములను ఓషధీసేకరణకు అడవికి తీసికొనిపోయి, అక్కడి కోయ పెద్దల వెంట నడిపించెడివారు. మూలిక పేరు మా నోట పలికించిన తరువాత, దాని వేరు నుండి పువ్వు వరకు చేతితో తాకి చూపించనిదే ముందుకు కదలనిచ్చెడివారు కాదు.

కనుక "తెల్లనివి దోషకరములు కావు" అను భావమిశ్రుని మాటను పట్టుకొని తెల్లని పుట్టగొడుగునెల్ల తినవచ్చునని అనుకొనుట శాస్త్రమును అపార్థము చేసికొనుటయే. ప్రపంచములో అతి భయంకరమైన పుట్టగొడుగులలో కొన్ని పాలవలె తెల్లనివేయని నేడు నిశ్చయముగా తెలిసినది. రంగు గుణమును చెప్పదు, విషమును చెప్పదు.

చెదలు పెంచెడి పంట

మన చిరుపుట్టగొడుగునకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. మొదటి పదములో చెదలు, రెండవ పదములో చిన్న ఫలము అను అర్థములు ఉన్నవి. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో చెదలతో కలిసి బ్రతుకు గొడుగులన్నిటిని ఈ ఒక్క కుటుంబములోనికి చేర్చెను. ఈ కుటుంబములోనే ఆఫ్రికాలోని జాంబియాలో మీటరు వెడల్పు వరకు పెరుగు గొడుగు కూడ ఒకటి కలదు. అదే వంశములో మనది అతి చిన్నది.

పుట్టలోని చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి తెచ్చి, వాటితో లోపల తేనెపట్టు వంటి మెత్తని గూళ్ళు కట్టును. ఆ గూళ్ళ మీద ఈ శిలీంధ్రము తెల్లని బూజుగా పెరుగును. కట్టెలోని గట్టి పదార్థమును చెదలు స్వయముగా జీర్ణించుకొనలేవు. శిలీంధ్రము దానిని మెత్తబరచి ఇచ్చును. చెదలు ఆ బూజు మీది చిన్న తెల్లని గింజలను తినును. మనము పొలము దున్నుట నేర్చుకొనుటకు కోట్ల సంవత్సరముల పూర్వమే చెదలు ఈ సేద్యము ప్రారంభించినవి.

మిగిలిన చెదగొడుగులు పుట్ట లోపలి గూటి నుండి పొడవైన వేరు వంటి కాడను సాచి నేలను చీల్చుకొని పైకి వచ్చును. చిరుపుట్టగొడుగు అట్లు కాదు. వానలు పడినపుడు చెదలే లోపలి గూటి ముక్కలను పైకి తెచ్చి నేల మీద పలుచగా పరచును. ఆ ముక్కల మీద ఇది గుంపులు గుంపులుగా మొలచును. అందుచేత దీనికి పొడవైన వేరు ఉండదు. ఈ ఒక్క రహస్యము తెలిసినవారికి గుర్తింపులో సగము పని పూర్తియైనట్లే. చెదలు లేనిదే పెరుగదు గనుక దీనిని షెడ్డులలో సాగుచేసి అమ్ముట లేదు. అడవిలో దొరికినదే దొరికినట్లు.

గుర్తింపవలసిన లక్షణములు

పుట్టగొడుగును గుర్తించువాడు దానిని పైనుండి తుంచరాదు. సన్నని కత్తితో చుట్టు మన్ను తొలగించి, మొదలుతో సహా పైకి తీయవలెను. ప్రాణము తీయు జాతులలో అనేకము తమ ముఖ్యమైన ఆనవాలును మట్టిలోనే దాచుకొనును. మొదలుతో తీసిన తరువాత ఈ క్రింది లక్షణములను వరుసగా చూడవలెను.

1. మొలచిన చోటు: చెదపుట్ట దగ్గర గాని, చెదలు తిరుగు నేల మీద గాని ఉండును. కుళ్ళిన మాను మీద, చెట్టు బెరడు మీద, పేడ మీద మొలచినది ఇది కాదు.

2. గుంపు: పదుల నుండి వందల వరకు ఒకే చోట మొలచును. ఒంటరిగా ఒకటి రెండు ఉన్నచో అవి ఇవి కావని భావింపవలెను.

3. గొడుగు: వెడల్పు అర సెంటీమీటరు నుండి రెండున్నర సెంటీమీటర్ల వరకు. రంగు తెలుపు లేక మీగడ వన్నె. నడుమ చిన్న మొటిమ వంటి పొడుపు ఉండి, అది కొంచెము బూడిద రంగుగా గాని గోధుమ రంగుగా గాని కనబడును. పైభాగము నునుపు. పొలుసులు ఉండవు. వయసు మీరినపుడు అంచు నిలువుగా చీలును.

4. రేకులు: గొడుగు అడుగున దగ్గర దగ్గరగా పేర్చినట్లుండు పలుచని రేకులు లేతలో తెల్లగా, ముదిరిన కొలది లేత గులాబీ వన్నెగా ఉండును. అవి కాడకు అతుకుకొనక విడిగా నిలుచును.

5. కాడ: రెండు నుండి ఆరు సెంటీమీటర్ల పొడవు, ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల మందము. తెల్లగా, నారగా ఉండును. కాడ చుట్టు ఉంగరము వంటి పొర ఉండరాదు.

6. మొదలు: కాడ క్రింద సంచి గాని, ఉల్లిగడ్డ వంటి ఉబ్బు గాని ఉండరాదు. దానికి బదులు చెదగూటి నలుసులు, రవ్వ వంటి ముక్కలు అంటుకొని కనబడవలెను.

ఈ ఆరింటిలో ఐదు కుదిరి ఒకటి కుదరనిచో, ఆ పుట్టగొడుగు చిరుపుట్టగొడుగు కాదనియే నిర్ణయింపవలెను. పెండ్లి సంబంధమువలె ఇందులో సర్దుబాటు పనికిరాదు.

బీజధూళి పరీక్ష

పాఠశాలలో మన పిల్లలు సిద్ధబీజములని చదువుకొనునవి రేకుల నుండి సన్నని పొడిగా రాలును. ఈ పొడి రంగు జాతిని బట్టి మారును. దీనిని చూచుట సులభము. సగము తెలుపు, సగము నలుపు ఉండునట్లు రెండు కాగితములను ప్రక్క ప్రక్కన అతికించవలెను. కాడ కోసివేసి, విప్పారిన గొడుగులు నాలుగైదింటిని రేకులు క్రిందికి ఉండునట్లు ఆ కాగితముల అతుకు మీద పెట్టి, ఒక్కొక్కదాని మీద ఒక నీటి బొట్టు వేసి, గాజు గిన్నె బోర్లించి, రాత్రియంతయు కదలింపక ఉంచవలెను. ఉదయమునకు కాగితము మీద రేకుల గీతల వలె పొడి రాలి ఉండును.

చిరుపుట్టగొడుగు పొడి లేత గులాబీ కలిసిన మీగడ రంగు. నలుపు వచ్చినచో అది సిరాగొడుగుల జాతి. గోధుమ రంగు వచ్చినచో విసర్జింపవలెను. ఆకుపచ్చ వచ్చినచో విషజాతి. స్వచ్ఛమైన తెలుపు వచ్చినచో మిక్కిలి జాగ్రత్తపడవలెను. ప్రాణాంతక జాతులలో అనేకమునకు తెల్లని పొడియే.

ఈ పరీక్ష వేరు జాతిని తొలగించుటకు మిక్కిలి ఉపకరించును. కాని లేత గులాబీ వచ్చినంత మాత్రమున తినదగినదని అర్థము కాదు. గులాబీ పొడి రాల్చు విషజాతులు కూడ ఉన్నవి.

పోలికతో మోసగించునవి

మొదటిది లెపియోటా జాతి. ఇవి కూడ చిన్నవి. రేకులు తెల్లగా, కాడకు అంటకుండ ఉండును. గొడుగు మీద గోధుమ వన్నె పొలుసులు, కాడ మీద ఉంగరపు జాడ ఉండును. గట్టి వానకు పొలుసులు కడుక్కొనిపోవచ్చును. ఉంగరము చేయి తగిలిన మాత్రమున రాలిపోవచ్చును. అప్పుడు చూచుటకు మన చిరుపుట్టగొడుగే. వీటిలో కొన్నింటిలో కాలేయమును నాశనము చేయు అమనిటిన్ విషము కలదు.

రెండవది మస్కరిన్ అను విషముగల గోధుమ రంగు చిన్న గొడుగులు. వీటి పైభాగము పట్టు నారవలె గీతలుగా చీలియుండును. తిన్న రెండు గంటలలోపల విపరీతమైన చెమట, నోటి నుండి లాలాజలము, కన్నీరు కారుట కనబడును.

మూడవది ఆకుపచ్చ పొడి రాల్చు పెద్ద గొడుగు, క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. పెరిగినపుడు పది నుండి ముప్పది సెంటీమీటర్ల వరకు ఉండును గనుక చిరుపుట్టగొడుగుతో పొరపడుటకు వీలులేదు. కాని పెద్ద పుట్టగొడుగులు ఏరువారిని ఇదే ఎక్కువగా మోసగించును. ఇండ్ల ముందరి పచ్చికలో, తోటలలో తెల్లగా అందముగా మొలచును. లేతలో రేకులు తెల్లగానే ఉండుటచేత గుర్తుపట్టుట కష్టము. తిన్న ఒకటి నుండి మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు కలిగించును.

నాలుగవది కుళ్ళిన మాను మీద వందలుగా మొలచు చిన్న బూడిద రంగు గొడుగులు. గుంపుగా ఉండుటచేత మోసపోవుదురు. నడుమ నుండి అంచు వరకు కుచ్చెళ్ళవలె మడతలు ఉండుట, పొడి నల్లగా రాలుట వీటి గుర్తులు.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఉపాధ్యాయ దంపతులు అడవి విహారము నుండి నేరుగా నా వద్దకు ఒక సంచి తెచ్చిరి. వండుటకు ముందు చూపించవలెనను బుద్ధి వారికి పుట్టుట వారి అదృష్టము. వార్తాపత్రిక పరచి ఒక్కొక్కదానిని వేరు చేసితిని. మూడు వందలకు పైగా నిజమైన చిరుపుట్టగొడుగులే. వాటి నడుమ ఏడు మాత్రము కాడ మీద సన్నని ఉంగరపు జాడతో, నడినెత్తిన పొలుసులతో ఉన్నవి. "మూడు వందలలో ఏడే కదా, తీసివేసిన సరిపోదా?" అని ఆ ఇల్లాలు అడిగెను. "అమ్మా, ఆ ఏడింటిని నేను చూడగలిగితిని. విరిగి ముక్కలై మిగిలిన వాటిలో కలిసినవి ఎన్నియో ఎట్లు చెప్పగలను?" అని, సంచి మొత్తమును గోతిలో పూడ్పించితిని. ఏరునపుడు అనుమానము గలదానిని బుట్టలో వేయకుండుటయే జాగ్రత్త గాని, బుట్టలో పడిన తరువాత ఏరివేయుట జాగ్రత్త కాదు.

చిన్నది గనుక చేటు చేయదనుకొనరాదు

"ఇంత చిన్నది ఏమి చేయగలదు?" అను మాట తరచుగా వినబడును. దీనికి చైనా దేశపు యునాన్ రాష్ట్రములో జరిగినది సమాధానము. అక్కడి కొండపల్లెలలో 1970 దశకము చివరి నుండి ప్రతి వర్షాకాలములోను, ఆరోగ్యముగా తిరుగుచున్నవారు హఠాత్తుగా గుండె ఆగి మరణించెడివారు. మూడు దశాబ్దములలో ఇట్లు మరణించినవారు సుమారు 400 మందియని 2010లో ప్రకటింపబడినది. చాల కాలము కారణము తెలియలేదు. చివరకు కుళ్ళిన కట్టె మీద మొలచు ఒక చిన్న తెల్లని పుట్టగొడుగు మీద పరిశోధకుల దృష్టి పడినది. 2012లో దానికి ట్రోజియా వెనెనాటా అని పేరు పెట్టిరి.

అక్కడివారు పుట్టగొడుగులు ఏరి అమ్ముకొని జీవించువారే, అనగా అనుభవము లేనివారు కారు. ఈ చిన్నదానికి సంతలో ధర పలుకదు గనుక దానిని అమ్మక ఇంటిలో వండుకొనెడివారు. దానిని తినవద్దని పల్లె పల్లెకు తిరిగి చెప్పిన తరువాత మరణములు తగ్గినవి. మన దేశములోను 2022 ఏప్రిల్ నెలలో ఎగువ అస్సాములో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజులలో 13 మంది మరణించిరి. వారిలో అధికులు తేయాకు తోటలలో పనిచేయు కుటుంబములవారు.

నమ్మరాని పరీక్షలు

ఇండ్లలో ప్రచారములో ఉన్న పరీక్షలు అనేకము. పాఠకులు వాటినన్నిటిని మరచిపోవలెనని నా మనవి.

వెండి గరిటె నల్లబడిన విషమని చెప్పుదురు. వెండిని నల్లబరచునది గంధకము. కోడిగ్రుడ్డు సొనయు వెండిని నల్లబరచును, అది విషమా? ప్రాణాంతకమైన అమనిటిన్ వెండిని నల్లబరచదు.

వెల్లుల్లి నల్లబడిన, అన్నము ఎర్రబడిన విషమని చెప్పుదురు. ఈ రెండింటికిని విషముతో సంబంధము లేదు.

పురుగు తిన్నది, కోతి తిన్నది మనము తినవచ్చునందురు. మనుష్యుని చంపు పుట్టగొడుగును నత్తలు, పురుగులు హాయిగా తినగలవు. వాటి దేహము వేరు, మన దేహము వేరు.

పుట్ట మీద మొలచినదెల్ల మంచిదందురు. పుట్ట మీద చెదగొడుగులు కాక ఇతర శిలీంధ్రములు కూడ మొలచును. పుట్ట ఒక గుర్తు మాత్రమే, హామీ కాదు.

పసుపు, చింతపండు, ఉప్పు వేసి ఉడికించి నీరు వార్చిన విషము పోవుననుకొందురు. ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను అమనిటిన్ చెడదు. వార్చిన నీటిలో కొంత పోయినను, మిగిలినది చాలును.

రుచి, వాసన బాగుగా ఉన్నచో మంచిదనుకొనుట అన్నిటికంటె ప్రమాదము. ప్రాణాంతక జాతిని తిని బ్రతికి బయటపడినవారు అది మిక్కిలి రుచిగా ఉన్నదనియే చెప్పిరి.

ఆహారముగా దీని స్థానము

ఎరిగినవారు ఏరి ఇచ్చిన నిజమైన చిరుపుట్టగొడుగు మంచి ఆహారమే. అయితే శాస్త్రము చెప్పినట్లు ఇది గురువు, శీతము. అగ్నిబలము గలవారికి మాత్రమే హితము. తెచ్చిన రోజుననే వండవలెను. చల్లని పెట్టెలో రెండు మూడు రోజులు నిలువచేసిన అడవి పుట్టగొడుగు మంచిజాతియైనను కుళ్ళి అజీర్ణము కలిగించును. మట్టి పోవునట్లు ఐదారు నీళ్ళలో కడిగి, అల్లము, మిరియాలు, జీలకర్ర చేర్చి పూర్తిగా ఉడికించవలెను. ఈ ద్రవ్యములు గురుత్వమును, కఫమును తగ్గించుటకే గాని విషము విరుచుటకు కావని మరల చెప్పుచున్నాను. పచ్చిగా ఎన్నడును తినరాదు. మొదటిసారి తినువారు రెండు ముద్దలకు మించరాదు. మంచిజాతి కూడ కొందరికి సరిపడకపోవచ్చును.

పడిశము, ఉబ్బసము, గ్రహణి, వాతరక్తము గలవారు, గర్భిణులు, ఐదేండ్లలోపు పిల్లలు అడవి పుట్టగొడుగుల జోలికి పోరాదు. పుట్టగొడుగు కూర మీద కోరిక గలవారికి పెంపకపు పాలపుట్టగొడుగులు, ముత్యపుచిప్ప పుట్టగొడుగులు బజారులో దొరకుచున్నవి. వాటిలో గుర్తింపు అను సమస్యయే లేదు.

మన పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇండ్లవారికి ఒక మాట. ఆసియా దేశముల నుండి అక్కడకు వెళ్ళినవారు తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగని భ్రమించి, కాలిఫోర్నియా ప్రాంతములో సింధూర జాతి చెట్ల క్రింద పెరుగు అమనిటా ఫాలాయిడిస్ అను మృత్యుఛత్రమును తిని ప్రాణాపాయమునకు లోనైనారు. రెండింటికిని కాడ మొదట సంచి ఉండును. ఒక దేశములో నేర్చిన గుర్తు మరొక దేశములో చెల్లదు.

తిన్న తరువాత అనుమానము కలిగినచో

అమనిటిన్ విషము తిన్న వెంటనే బయటపడదు. ఆరు గంటల నుండి ఇరువదినాలుగు గంటల వరకు ఏమియు తెలియదు. పిదప కడుపునొప్పి, వాంతులు, నీళ్ళవంటి విరేచనములు పట్టును. ఒకటి రెండు రోజులకు అవి తగ్గి రోగి కోలుకొన్నట్లు కనబడును. ఇంటివారు గండము గడిచినదని సంతోషింతురు. నిజమునకు ఆ సమయములోనే కాలేయము లోలోపల దెబ్బతినుచుండును. మూడవ, నాలుగవ రోజున కామెర్లు, మగత, రక్తస్రావము కనబడునప్పటికి కాలము మించిపోవును. కనుక తిన్న ఆరు గంటల తరువాత మొదలైన వాంతులను అతి ప్రమాదకరములుగా భావింపవలెను. ముందుగానే మొదలైనను తేలికగా తీసికొనరాదు. ఒకే కూరలో రెండు జాతులు కలిసి ఉండవచ్చును.

అనుమానము కలిగిన వెంటనే, లక్షణములు కనబడకపోయినను, 108 వాహనమును పిలిచి పెద్ద ఆసుపత్రికి చేరవలెను. ఆ కూర తిన్న వారందరు వెళ్ళవలెను, బాగుగా ఉన్నవారు కూడ. మిగిలిన పుట్టగొడుగులను, వండిన కూరను కాగితములో చుట్టి వెంట తీసికొనిపోవలెను. ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయినది అను రెండు సమయములను కాగితము మీద వ్రాసి వైద్యునికి ఇవ్వవలెను. వైద్యుడు చెప్పనిదే బలవంతముగా వాంతి చేయించరాదు. నేతిని, మజ్జిగను, చింతపండు రసమును, పసరులను ఇచ్చుచు కాలము గడపరాదు.

అరువది ఏండ్లు దాటిన ఆయుర్వేద వైద్యుడనై ఈ మాట చెప్పుచున్నాను: ఈ విషమునకు ఇంటిలో చేయు చికిత్స లేదు, నా వైద్యశాలలోను లేదు. విషచికిత్సలో కాలమే మొదటి ఔషధము. ఆ కాలమును నా వంటివారి గుమ్మములో పోగొట్టుకొనరాదు.

గృహస్థులకు నియమములు

ఈ వ్యాసములోని గుర్తులను చదివి అడవికి సంచితో బయలుదేరవలదు. ఈ గుర్తులు ఏరివేయుటకు పనికివచ్చును గాని, ఏరుకొనుటకు చాలవు. ఒక్క గుర్తు తప్పినను పారవేయుటకు ఏ గృహిణికైనను ఈ జ్ఞానము చాలును. అన్నియు కుదిరినను తినవచ్చునని చెప్పుటకు, ఆ అడవిలో, ఆ జాతిని, అనేక వర్షాకాలములు ఏరి తిన్న మనిషి ఎదుట ఉండవలెను.

సంతలో కొనునపుడు ఏరినవారి వద్దనే కొనవలెను. ఎక్కడ ఏరితిరి, ఎప్పుడు ఏరితిరి, మీ ఇంటిలో తినుచున్నారా అని మర్యాదగా అడుగవలెను. మొదలు లేకుండ తుంచినవి, ముక్కలైనవి, పలు రకములు కలిసినవి కొనరాదు. ఇంటికి తెచ్చిన తరువాత ఒక్కొక్కదానిని తిప్పి చూడవలెను. వేరు జాతిది ఒక్కటి కనబడినను మొత్తము పారవేయవలెను. వండినపుడు ఐదారు పచ్చి పుట్టగొడుగులను విడిగా కాగితములో చుట్టి మరునాటి వరకు ఉంచవలెను. పిల్లలకు పెరటిలో మొలచిన గొడుగులను తాకినచో చేతులు కడుగుకొనవలెనని, నోట పెట్టరాదని ఇప్పుడే నేర్పవలెను.

నూరు రూపాయల కూర పారవేసితిమని బాధపడిన ఇల్లాలు మరునాటికి ఆ బాధను మరచిపోవును.